సెడ్డది సూపించు బావూ

పోయిన వారం కొత్త నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మధ్య మధ్య మలయ్ మాటలు. నాన్న పోయారనీ, పదహారో రోజు పూజ ఆదివారం పొద్దున అనీ, వీలైతే రమ్మనీ. ఎవరి నాన్నో, ఏ ఊరో రాయలేదు. పొరపాటున వచ్చి ఉంటుందనుకుని పని చూసుకున్నాను. గంట తర్వాత అదే నంబరు నుంచి ఫోటో వచ్చింది. తెల్ల చొక్కా, జేబులో చిన్న స్క్రూడ్రైవరు, కెమెరాని అంత తేలిగ్గా నమ్మేది లేదన్నట్టున్న చూపు. కుర్చీలోంచి లేచి, ఆఫీసు వెనక మెట్ల మీదికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. ఈ దేశంలో నెరిసిన తల కనిపిస్తే అందరూ అంకుల్ అంటారు, నేనూ అన్నాను. ఆయన నన్ను బావూ అనేవాడు. మొదటిసారి ఆ పిలుపు వినగానే నవ్వాను. బాబూని బావూ అనే ఆ యాస అంటే మా విజయవాడ కుర్రాళ్ళకి సినిమాలో హాస్యగాడే గుర్తొస్తాడు. ఎదురుగా అరవై దాటిన మనిషి, పుట్టి పెరిగిందంతా మలేషియాలో, తాతల నాడు ఓడెక్కి వచ్చిన మాటని అరిగినంత అరగనిచ్చి మిగిలింది దాచుకున్న మనిషి ఉన్నాడన్న ఇంగితం నాకు లేకపోయింది.

"నవ్వితే నవ్వినావు గానీ, అర్తమైనాదా నేదా?" అన్నాడు.

అర్థమైందన్నాను.

"మరి సరి. నాకంతే గావాల."

అది క్లాంగ్ శివార్లలో ఒక రబ్బరు గ్లోవ్స్ ఫ్యాక్టరీ. సైబర్‌జయలోని మా కంపెనీ నన్ను అక్కడికి పంపింది. లోపల ఒక పొడవాటి గొలుసుకి వేల పింగాణీ చేతులు వేలాడుతూ కదులుతుంటాయి. అవి రబ్బరు పాలలో మునిగి, లేచి, వేడి గదుల్లో ఆరి, చివరికి ఒక యంత్రం దగ్గరికి వస్తాయి. ఆ యంత్రం ఒక్కో చేతి మీంచి గ్లోవ్‌ని ఊడదీస్తుంది. గొలుసూ యంత్రమూ కలిసి నడవాలంటే సెకనులో వెయ్యోవంతుకి ఒకసారి వాటికి ఆజ్ఞ అందాలి. ఆజ్ఞ ఆలస్యమైతే గ్లోవ్ చిరుగుతుంది. ఇంకా ఆలస్యమైతే పింగాణీ చెయ్యి విరుగుతుంది, గొలుసు ఆగిపోతుంది. ఆ ఆజ్ఞలిచ్చేవి ఆరు పాత కంప్యూటర్లు. ఆ ఆరింటినీ కనిపెట్టుకుని ఉండేది ఆయన.

వాటిని తీసేయడానికే నేను వెళ్ళాను. ఆరింటి బదులు ఒక్క సర్వర్ పెట్టి, దాని మీద హైపర్‌వైజర్ ఎక్కించడం నా పని. హైపర్‌వైజర్ అంటే ఒక పెద్ద కంప్యూటర్లో ఆరు ఉత్తుత్తి కంప్యూటర్లని పుట్టించి, ఎవరికెంత చోటో ఎవరికెప్పుడు వంతో పంచిపెట్టే పెత్తందారు సాఫ్ట్‌వేర్. ఆ ఆరింట్లో ఐదు మామూలువి. వాటికి వంతు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఆరోది మాత్రం గొలుసుని నడిపేది, దానికి ఒక్కసారి కూడా వంతు తప్పకూడదు. దాన్ని రియల్‌టైమ్ అంటారు. మిగతా ఐదింటిని వారంలో లేపాను. ఆరో దానితో నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలూ ఆయన పక్కనే ఉన్నాడు. చెప్పులు గది బయట విప్పి, ఏసీకి చల్లబడ్డ నేల మీద వట్టి కాళ్ళతో వచ్చేవాడు. ఏ యంత్రంతోనైనా మాట్లాడే ముందు దాని మీద అరచెయ్యి పెట్టేవాడు. ముందు వేడి, తర్వాత అదురు, ఆ తర్వాతే తెర మీద అక్షరాలు. రాసుకోడానికి పుస్తకం ఉండేది కాదు. గ్లోవ్స్ ప్యాక్ చేసే అట్టపెట్టెల మూత చింపి, దాని మీద రాసేవాడు. అంకెలు, ఇంగ్లీషు పొడి అక్షరాలు. చదువుకున్నది తమిళ బడిలో, తెలుగు రాయడం రాదు. ఒకసారి ఆయన పేరు తెలుగులో రాసి ఇస్తే తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఇదేనా నాను అని నవ్వాడు.

మొదటి పరీక్ష ఫలితం నేను కాస్త గర్వంగానే చూపించాను. ఒక ప్రోగ్రామ్‌ని వెయ్యోవంతు సెకనుకోసారి నిద్రలేపి, ఎంత ఆలస్యంగా లేచిందో కొలిచే పరీక్ష అది. సగటు ఆరు మైక్రోసెకన్లు. సెకనులో పది లక్షల వంతుల్లో ఆరు. గ్రాఫు గీత తిన్నగా నేల మీద పాకినట్టుంది. ఆయన గ్రాఫు వైపు చూడనే లేదు.

"సగటు ఏటి సేసుకుంటావు? సెడ్డది సూపించు బావూ."

చెడ్డది, అంటే అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం, నాలుగు వేలు. ఆ ఒక్క క్షణంలో నాలుగు ఆజ్ఞలు గాలికి పోయాయన్నమాట.

"లచ్చ సార్లు టయానికి వచ్చినాడు. ఒక్కసారి రానేదు. సెయ్యి ఇరిగేది ఆ ఒక్కసారికే లా," అని ఇక్కడివాళ్ళ తీరులో మాట చివర 'లా' చేర్చి, అట్ట మీద నాలుగు వేలు అని రాసుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున అదే ప్రశ్న. గుడ్ మార్నింగ్ లేదు, తిన్నావా లేదు, సెడ్డది ఎంత? మా పాప పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుందని చెబితే, "సెడ్డ మార్కు ఎందుల వచ్చినాది?" అని అడిగాడు. మలయ్‌లో అని చెబితే, అయితే అది నేర్పు, మిగతావి అదే నేర్సుకుంటది అన్నాడు. డురియన్ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు ఒకసారి. అందరూ మంచి పండు ఏరి ఇమ్మని అడుగుతుంటే, ఈయన బండివాణ్ణి నీ దగ్గరున్న వాటిలో పనికిరానిది చూపించమన్నాడు. వాడు మొహం చిట్లించి ఒకటి చూపించాడు. దాన్ని వాసన చూసి, ఇంత చెడ్డది బండి మీద పెట్టుకున్నవాడి దగ్గర మంచిది కొనకూడదని నన్ను లాక్కొచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. అంత దూరం ఎండలో నడిచి వట్టి చేతుల్తో వచ్చాం.

ఆరో మెషిన్‌కి నాలుగు కోర్లు విడిగా పెట్టాను. కోర్ అంటే ప్రాసెసర్లో పని చేసే ఒక్కో భాగం. ఆ నాలుగింటి మీదికి మరే పనీ రాకుండా కంచె కట్టాను. ఆ మెషిన్‌కి జ్ఞాపకశక్తి ముందే కేటాయించి తాళం వేశాను. నెట్‌వర్క్ నుంచీ డిస్క్ నుంచీ వచ్చే పిలుపులన్నీ వేరే కోర్ల వైపు మళ్ళించాను. ప్రాసెసర్ కరెంటు పొదుపు కోసం కునుకు తీసే అలవాటు మాన్పించాను. ఒక్కోదానికి చెడ్డ అంకె దిగుతూ వచ్చింది. నాలుగు వేలు పన్నెండు వందలైంది. పన్నెండు వందలు తొమ్మిది వందలైంది. కావలసింది యాభై లోపు.

ఆ రోజుల్లో ఒకసారి ప్లాంట్ మేనేజర్ తెర ముందుకి వచ్చి, ఈ నాలుగు కోర్లు ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటున్నాయేం, వీటికి వేరే పని ఇవ్వొచ్చుగా అన్నాడు. నేను తటపటాయించాను. ఆయన అందుకుని మలయ్‌లో ఏదో చెప్పాడు. మేనేజర్ తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఏం చెప్పారని అడిగాను.

"మా ఎస్టేట్ల ఆస్పత్రి వేను ఒకటుండీది. డ్రైవరు పొద్దంతా సుమ్మా కూకునీవోడు. దొర సూసి, ఈడు కాలీగా ఉన్నాడు, కొబ్బరికాయలు మోయించండన్నాడు. మోయించినారు. ఒక దినం పురిటి నొప్పులొచ్చినాయి ఒక మనిసికి. వేను కాయల్తోని టౌనుకి ఎల్లిపోనాది. సుమ్మా కూకోడమే ఆడి పని అని దొరకి తెలనేదు. అదే సెప్పినాను."

నేను మూడేళ్ళుగా కంపెనీల వాళ్ళకి బొమ్మలు గీసి చెప్పలేకపోయింది అది. కానీ మేనేజర్ ఆ గదిలోంచి వెళుతూ ఒకసారి కుర్చీలో కూర్చున్న ఆయన వైపు కూడా చూశాడు. ఆ చూపు నేను గమనించాను. ఆయనా గమనించాడు.

ఎందుకంటే సంగతి అప్పటికే తేలిపోయింది. నెల ముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని మేనేజర్ స్పష్టంగా చెప్పాడు. రంజాన్ ఉపవాసాల తర్వాత వచ్చే హరి రాయా పండగ సెలవులకి ఫ్యాక్టరీ ఆగుతుంది. ఆ ఐదు రోజుల్లో కొత్త సర్వర్ చెడ్డ అంకె యాభై లోపుకి వస్తే సరే. రాకపోతే ఈ ప్రయత్నం మానేసి, పాత ఆరు పెట్టెలే నడిచినంత కాలం నడిపించుకుంటాం. పెట్టెలుంటే అంకుల్ ఉంటాడు. అవి పోతే అంకుల్ కాంట్రాక్టు రాయాతో ఆఖరు. ఇంత మర్యాదగా, టీ తాగుతూ చెప్పాడు. బయటికి వచ్చాక నేను ఏదో అనబోతే ఆయన అననివ్వలేదు. పెట్టెలు ఇంకా మూడు నాలుగేళ్ళు లాగుతాయన్నాడు. కూతురు క్లాంగ్ రేవు ఆఫీసులో చేరి ఆరు నెలలే అయిందనీ, అల్లుడు దొరికేదాకా ఇంట్లోంచి పొద్దున ఒక మనిషి పనికి బయల్దేరి వెళ్ళడం మంచిదనీ అన్నాడు. పని లేకపోతే ఏం చేస్తారంటే, పని లేకపోవడం తనకి చేతకాదని చెప్పి నవ్వాడు.

రాయా సెలవులొచ్చాయి. గొలుసు ఆగింది. వేల చేతులు ఎక్కడివక్కడ వేలాడుతున్నాయి. ఆ పెద్ద షెడ్డులో కాపలా వాళ్ళు కాక మేమిద్దరమే. ఆయన రానక్కర్లేదు, సెలవు. అయినా ఇంటి నుంచి నా కోసం కూడా అన్నం కట్టించుకుని వచ్చేవాడు.

అంకె తొమ్మిది వందల దగ్గర మొండికేసింది. గంటలో పది పన్నెండుసార్లు, ఎక్కడినుంచో ఒక్క దెబ్బ. సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్ళలో ఏమీ ఉండదు. హైపర్‌వైజర్‌ని అడిగితే నాకేం తెలియదంటుంది. ప్రతి సెట్టింగూ తిప్పి చూశాను. మళ్ళీ మొదటికి తెచ్చాను. ఫోరాల్లో వెతికాను. ఆయన సర్వర్ ముందు కుర్చీ వేసుకుని, గోడ గడియారం చూస్తూ, దెబ్బ పడినప్పుడల్లా అట్ట మీద టైము వేసుకుంటూ కూర్చున్నాడు. ఆ పని కంప్యూటరే చేస్తోందని విసుక్కున్నాను కూడా. ఆయన పట్టించుకోలేదు. రెండో రోజు సాయంత్రం అట్ట మడిచి సొరుగులో పెట్టి ఇంటికి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం నా ఓపిక అయిపోయింది. మౌస్ విసిరికొట్టి, ఆయన తెచ్చిన అన్నం పక్కకి నెట్టి అన్నాను: "ఇది అవదు అంకుల్. ఇది అవకపోతే నా పాసు పోయినట్టే. పెట్టె సర్దుకుని, పెళ్ళాం పిల్లని తీసుకుని విమానం ఎక్కాలి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు వీసా గురించి, ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే పాసు గురించి మాట్లాడే తీరు ఒకటుంది. మీటింగ్ చెడితే పాసు పోయిందంటాం. మేనేజర్ మెయిల్‌కి జవాబివ్వకపోతే పెట్టె సర్దుకోవాలంటాం. కౌలాలంపూర్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో శనివారం భోజనానికి కూర్చున్నా అన్నం వడ్డించేలోపు నలుగురి పాసులు పోతాయి. ఎవరూ ఎక్కడికీ పోరు. అది మాకు నిట్టూర్పు లాంటిది. నా పాసుకి అప్పుడు ఏ గండమూ లేదు. మా కంపెనీకి ఇలాంటి ప్రాజెక్టులు పన్నెండు ఉన్నాయి. మా మేనేజర్‌కి నేను ఏ ఫ్యాక్టరీలో ఉన్నానో అడిగితే తడుముకునేవాడు.

ఆయన చేతిలో ముద్ద ఆగింది.

"నిజిమేనా?"

"నిజమే అంకుల్."

"పిల్ల ఇస్కూలు?"

"మధ్యలో ఆపించెయ్యాలి."

అంత తేలిగ్గా, తెర వైపు చూస్తూనే అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి వాళ్ళమ్మ గురించి చెప్పాడు. అంతకు ముందెప్పుడూ ఆమె మాట ఎత్తలేదు. ఆమె పెరాక్‌లో కొబ్బరి ఎస్టేటులోనే పుట్టింది, కానీ పుట్టినట్టు కాగితం లేదు. ఈ దేశపు మనుషులకి నీలం కార్డు ఇస్తే ఆమెకి ఎర్ర కార్డు ఇచ్చారు. ఉండొచ్చు గానీ ఈ దేశం మనిషి కాదు. ఎన్నోసార్లు అర్జీ పెట్టింది. ఆఫీసుకి వెళ్ళే రోజు ఒక మంచి చీర ఉండేదట, దాన్ని ఆ ఒక్క పనికే కట్టేది. చీర పాతబడి ఇంకొకటి కొనుక్కుంది, అదీ ఆ పనికే. పోలీసు కనిపిస్తే పిల్లల్ని వెనక్కి లాక్కునేది.

"నాను సిన్నోణ్ణి. మమ్మల్ని ఒగ్గేసి ఆయమ్మని ఎక్కడికో అంపేస్తారని నాకు బయం. బడి నించి పరిగెట్టుకొచ్చి, ఉందా నేదా అని తలుపుకాడ నిలబడి సూసీవోణ్ణి."

నేను ఊఁ కొట్టాను. నిజం చెప్పాలంటే సగమే విన్నాను. పరీక్ష నడుస్తోంది, మళ్ళీ తొమ్మిది వందలు వచ్చింది.

టీ తాగొస్తానని ఆయన లేచాడు. ఆయన టీ అంటే పది నిమిషాలు. ఆ రోజు రెండు గంటలు రాలేదు. ఒకసారి కిటికీలోంచి చూశాను. ఆగిపోయిన గొలుసు కింద, ఆ చేతుల వరసల మధ్య, నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు. నడుం నొప్పేమో అనుకున్నాను.

వచ్చి, నా పక్కన నిలబడి, సర్వర్ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఈడు ఊపిరి తీసినప్పుడు కొడతన్నాడు."

నాకర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన పెట్టాడు. ఫ్యాన్లు ఒకే స్థాయిలో తిరుగుతున్నాయి. నాలుగైదు నిమిషాలకి వాటి రొద ఒక్క పిసరు పెరిగింది. అదే క్షణాన తెర మీద తొమ్మిది వందల నలభై. మళ్ళీ నాలుగైదు నిమిషాలకి రొద తగ్గింది. తొమ్మిది వందల పది.

అప్పుడు నాకు అర్థమైంది. సర్వర్ బోర్డు వేడిని తనే కనిపెట్టుకుంటుంది. ఫ్యాన్ వేగం మార్చవలసి వచ్చినప్పుడు ఒక్క లిప్తపాటు ప్రాసెసర్ మొత్తాన్నీ తన చేతిలోకి లాక్కుంటుంది. ఎవర్నీ అడగదు, ఎక్కడా రాయదు. పెత్తందారు హైపర్‌వైజర్ కూడా ఆ లిప్తలో స్పృహ తప్పినట్టే, అందుకే దానికి తెలియదు. సర్వర్‌ని ఆపి, అడుగు సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫ్యాన్లు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేలా పెట్టి, ఆ కనిపెట్టుకోవడాన్ని మాన్పించాను. మళ్ళీ పరీక్ష మొదలుపెట్టాను. గది హోరెత్తిపోతోంది. ఒక గంట. రెండు గంటలు. మర్నాడు పొద్దున కూడా చెడ్డ అంకె ఇరవై రెండు. సెలవుల ఆఖరి రోజు దాకా ఇరవై రెండే.

నేను గంతులేశాను. ఆయన్ని కౌగలించుకున్నాను. ఆయన చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు.

"మరింక సరి," అన్నాడు. "పిల్లకి ఇస్కూలు ఆగదు."

ఆ మాట నేను విన్నాను. విని, అప్పటికైనా నోరు తెరవలేదు. పాసు సంగతి ఊరికే అన్నానని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. సంతోషంలో ఉన్నాను, సరదా చెడగొట్టుకోవడం ఎందుకనిపించింది.

అంగీకార పత్రం మీద రెండు సంతకాలు కావాలన్నారు, నాదీ ఆయనదీ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, చెడ్డ అంకె ఉన్న వరస మీద వేలు పెట్టి ఒకసారి చదువుకుని సంతకం చేశాడు. రాయా తర్వాతి సోమవారం ఆరు పెట్టెలూ విప్పి ఆయనే బండి మీద పెట్టించాడు. ఆ శుక్రవారం కేక్ కోశారు. తమిళం వాళ్ళూ మలయ్ వాళ్ళూ ఫోటోలు దిగారు. చెప్పులు వేసుకుని గేటు దాటాడు.

నెల తర్వాత కంట్రోల్ గది సొరుగు ఖాళీ చేస్తుంటే ఆ అట్ట దొరికింది. టైములు ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లా రాసి ఉన్నాయి. ప్రతి టైము పక్కనా ఒక చిన్న గీత, పైకో కిందికో. రొద పెరిగితే పైకి, తగ్గితే కిందికి. అన్నిటికంటే అడుగున ఫ్యాను రెక్కల బొమ్మ, దాని చుట్టూ సున్నా. అది రెండో రోజు అట్ట. రెండో రోజు సాయంత్రమే ఆయనకి దొరికిపోయింది. దొరికినాక దాన్ని మడిచి సొరుగులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. మూడో రోజు మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. నన్ను ఓడిపోనిద్దామనే అనుకున్నాడు. అనుకునే హక్కు ఆయనకి ఉంది. నేను పాసు మాట ఎత్తకపోయి ఉంటే ఐదు రోజులూ అలాగే అన్నం పెట్టి, అలాగే నా పక్కన కూర్చుని, నన్ను ఓడిపోనిచ్చేవాడు. ఆరు పెట్టెలూ ఉండేవి, తనూ ఉండేవాడు.

ఆ అట్ట పట్టుకుని ఆయనకి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పాలో తెలియక చేయలేదు. రేపు చేద్దామనుకున్నాను. అలా చాలా రేపులు గడిచాయి.

అంతా చేసి ఆ గొలుసు ఏడాది కూడా తిరగలేదు. లోకమంతా మాస్కులు కట్టుకున్న జబ్బు రోజులు తీరాక ప్రపంచానికి అన్ని గ్లోవ్స్ అక్కర్లేకపోయాయి. ఆ షెడ్డు మూసేశారు. సర్వర్‌ని ఎవరో పాత సామాన్ల లెక్కన తీసుకుపోయారని మెయిల్ వచ్చింది. ఇరవై రెండు అన్న అంకె ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫైల్లో తప్ప ఎక్కడా లేదు.

తర్వాత ఒక్కసారే కలిశాను. క్లాంగ్‌లో ఒక అపార్ట్‌మెంట్లో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి లైసెన్సు అడిగి తీసుకుని, పుస్తకంలో పేరు రాసుకోబోయి ఆగాడు. నీలం యూనిఫాం, భుజాల దగ్గర వదులుగా ఉంది.

"ఏటి బావూ, బాగున్నావా?"

బాగున్నాను అంకుల్ అన్నాను. ఆయన కిటికీలోకి వంగి, ఇంట్లో వాళ్ళ క్షేమం అడిగినంత ఆత్రంగా అడిగాడు.

"ఇప్పుడు సెడ్డది ఎంత?"

మూసేసిన షెడ్డు నా కళ్ళ ముందు మెదిలింది. ఆయనకి తెలియదు. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"అదే అంకుల్. ఇరవై రెండు."

"పెరగనేదా?"

"పెరగలేదు."

మొహం విప్పారింది. రెండు మూడుసార్లు తలాడించి, ఈడు నిలబడతాడని నాకు తెలుసు అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. ఈసారి నిజంగానే చెప్పబోయాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆయన లైసెన్సు నా చేతిలో పెట్టి, గేటు పైకి లేపి, నన్ను వెళ్ళమని చెయ్యి ఊపాడు. తిరిగి వచ్చేటప్పటికి వేరే మనిషి ఉన్నాడు.

మెసేజ్ పంపింది ఆయన కూతురు. ఆమెని అడ్రసు అడిగి తెలుసుకుని, ఆదివారం పొద్దున సైబర్‌జయ నుంచి క్లాంగ్ దాకా కారులో ఒక్కటే వాక్యం వల్లెవేసుకుంటూ వెళ్ళాను. అమ్మా, నా పాసుకి ఎప్పుడూ ఏమీ కాలేదు, ఆ మాట నేను ఊరికే అన్నాను. ఇక ఆయనకి చెప్పలేను, కనీసం ఆయన భార్యకైనా చెప్పాలి. తిడితే తిట్టనీ అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పూజ అయిపోయింది. పూజారి తమిళంలో ఏదో చెప్పి వెళ్ళిపోతున్నాడు. కూతురు నన్ను లోపలికి తీసుకెళ్ళి, తల్లికి పరిచయం చేసింది. ఫ్యాక్టరీ నుంచి అని చెప్పబోతుంటే ఆమె ఆపింది.

"నువ్వేనా పాసు బావువి?"

నేను చేతులు జోడించాను.

"నీ పేరు ఆయనకి నోరు తిరగనేదు. పాసు బావు, పాసు బావు అనీవోడు. కూకో నాయనా." నా మొహంలోకి చూసింది. "పాసు నిలబడినాదా?"

"నిలబడిందమ్మా."

"ఎన్నేళ్ళకి ఇచ్చినారు?"

"రెండేళ్ళకి. మొన్న మళ్ళీ ఇచ్చారు."

"పిల్ల ఇస్కూలు ఎల్తందా?"

"వెళ్తోంది."

ఆమె పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి తమిళంలో చెప్పింది. ఆ పిల్లాడు ఇతనే అని చెబుతోందని నాకు తెలిసింది. వాళ్ళు నా వైపు ఆప్యాయంగా చూశారు. ఒకావిడ లేచి తన కుర్చీ నాకిచ్చింది.

"పని పోయినాక శానా దినాలు ఎవురితోని మాటాడనేదు," అంది ఆమె. "ఏల సెప్పినావు, సెప్పకపోతే నీ పని ఉండీది గదా అని తగువాడినాను. మాయమ్మకి సచ్చినదాకా కాయితం రానేదు, ఆ బావుకైనా ఉండనీ అన్నాడు. ఒక ఇల్లు నిలబడినాది గదే అన్నాడు. ఇంక నానేటి అంటాను?"

కారులో వల్లెవేసిన వాక్యం నోట్లోనే ఉంది. ఆమె మొహంలోకి చూశాను. పదహారు రోజుల ఏడుపు మీద, ఆ ఒక్కచోట మాత్రం ఆమెకి కాస్త నెమ్మది ఉంది. దాన్ని కూడా తీసేసుకుంటే ఆమెకి మిగిలేదేమిటో నాకు తెలియలేదు. చెప్పకపోతే నాకు మిగిలేదేమిటో తెలుసు.

అరిటాకు వేసి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె స్వయంగా వడ్డించింది. అన్నం మీద పప్పు పోసి, చిక్కిపోయావు, ఇంకొంచెం తినమంది. తల వంచుకుని తిన్నాను.